ఒక టిక్కు, మూడు టన్నుల దానా

పెళ్ళిళ్ళలో చుట్టాలు "ఏం చేస్తున్నావు బాబూ" అని అడిగితే బ్యాంకు ప్రాజెక్టుల్లో ఉన్నవాళ్ళకీ, మొబైల్ యాప్‌లు రాసేవాళ్ళకీ జవాబు చెప్పడం తేలిక. నేను "శాప్‌లో పీపీ" అంటాను. మా మేనమామ ఒకసారి చాలా సీరియస్‌గా "పబ్లిక్ ప్రాసిక్యూటర్లకి కూడా కంప్యూటర్లో పనొచ్చిందిట్రా?" అని అడిగాడు. పీపీ అంటే ప్రొడక్షన్ ప్లానింగ్ మావయ్యా అని చెప్పేలోపు వడ్డన మొదలైంది, ఆయన వెళ్ళిపోయాడు. ఇప్పటికీ నేను కోర్టులో ఏదో చేస్తానని ఆయన నమ్మకం. (శాప్ అనకూడదు, ఎస్ ఏ పీ అని విడివిడిగా పలకాలి అని ఆ కంపెనీవాళ్ళు మొత్తుకుంటారు గానీ అమీర్‌పేటలో అది ఎప్పుడూ శాపే. కొందరికి శాపం కూడాను :))

ఈ పనిలో ఇన్నేళ్ళున్నాక నాకు ఏర్పడిన ఒక అభిప్రాయం రాద్దామని కూర్చున్నాను. ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్‌లో మనం సెట్టింగులు అని పిలిచేవాటిలో చాలా వాటిని సెట్టింగులు అనకూడదు. ఏదైనా తేడా వచ్చినప్పుడు ఆ బరువు ఎవరి నెత్తిన పడాలో చెప్పే తీర్పులవి. ఆ తీర్పు మనం ఏసీ గదిలో, మధ్యాహ్నం భోజనం అయ్యాక, ఆవులిస్తూ ఒక టిక్కు పెట్టి ఇచ్చేస్తుంటాం.

బ్యాంకింగు, టెలికాంల వాళ్ళ కోసం ముందు కాస్త కథ చెప్పాలి. పీపీవాళ్ళు రెండు పేరాలు దాటేయొచ్చు.

ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీ అనుకోండి. ఇంజెక్షన్ మౌల్డింగు. ప్లాస్టిక్ గింజల్ని అక్కడ అందరూ దానా అంటారు. దానాని హాపర్‌లో పోస్తారు, అది కరిగి మౌల్డులోకి వెళ్తుంది, చల్లారాక ముక్కలు రాలతాయి. ప్లానర్ పదివేల స్విచ్ ప్లేట్లకి ఒక ప్రొడక్షన్ ఆర్డరు తయారుచేసి రిలీజ్ చేస్తాడు. షిఫ్టు అయ్యాక సూపర్‌వైజరు సీఓ11ఎన్ అనే స్క్రీనులోకి వెళ్ళి ఇన్ని బాగా వచ్చాయి, ఇన్ని పాడయ్యాయి అని కొడతాడు. దీన్ని మనం కన్ఫర్మేషన్ అంటాం, వాళ్ళు బుకింగ్ అంటారు. అతను కొట్టేది రెండంకెలే. కానీ సేవ్ నొక్కగానే వెనకాల మూడు పనులు జరగాలి. తయారైన ప్లేట్లు స్టాకులోకి రావాలి. వాటికి వాడిన దానా స్టాకులోంచి పోవాలి. మిషను నడిచిన గంటల ఖర్చు ఆర్డరు మీద పడాలి.

ఇందులో రెండోదాన్ని బ్యాక్‌ఫ్లష్ అంటారు. మన టిఫిన్ హోటలాయన రాత్రి కొట్టు కట్టేస్తూ, ఇవాళ ఇన్ని ఇడ్లీలు అమ్మాం కాబట్టి ఇంత రవ్వ, ఇంత మినప్పప్పు అయ్యుండాలి అని వెనక్కి లెక్క కట్టి పుస్తకంలో కొట్టేసుకున్నట్టు. రవ్వ ఎవరూ తూచలేదు. లెక్క ప్రకారం పోయి ఉండాలి కాబట్టి పోయిందని రాసుకున్నాడు. లెక్క సరైనదైతే ఇంతకంటే సుఖమైన పద్ధతి లేదు. ప్రతి గంటకీ దానా తూచి రాయమంటే ఆ ఫ్యాక్టరీలో ఎవరూ పని చెయ్యరు.

సరే, ఒక రోజు పుస్తకంలో రవ్వ అయిపోయిందని ఉంది, కానీ ఇడ్లీలు అమ్మేశారు. అప్పుడేం చెయ్యాలి? అసలు ప్రశ్న ఇదే. శాప్‌లో అయితే ఎర్రగా ఒక మెసేజీ వస్తుంది: డెఫిసిట్ ఆఫ్ ఎస్ఎల్ అన్‌రెస్ట్రిక్టెడ్ యూజ్, ఇన్ని కిలోలు, ఫలానా మెటీరియల్, ఫలానా ప్లాంటు. పీపీ, ఎమ్ఎమ్ మాడ్యూళ్ళలో పనిచేసేవాళ్ళకి ఈ వాక్యం సుప్రభాతం లాంటిది. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తారు.

ఓపీకే4 అనే కాన్ఫిగరేషన్ స్క్రీనులో, ప్లాంటుకీ ఆర్డర్ టైపుకీ ఒక్కో వరుస చొప్పున, ఒక చిన్న గడి ఉంటుంది. సరుకు కదలికలో తప్పు వస్తే కన్ఫర్మేషన్ ఆపెయ్యాలా అని. టిక్కు పెడితే, దానా లేదని సిస్టమ్ అన్నప్పుడు సూపర్‌వైజరు బుకింగ్ సేవ్ కాదు. తప్పు సరిచేసేదాకా అతను అక్కడే నిలబడాలి. టిక్కు తీసేస్తే బుకింగ్ సేవ్ అవుతుంది, ప్లేట్లు స్టాకులోకి వస్తాయి, దానా మాత్రం పోదు. ఆ పోని లెక్క కోగి అనే ఒక క్యూలో పడి ఉంటుంది, ఎవరైనా వచ్చి సరిచేసేదాకా.

దీనికి తోడు ఓపీకేసీ అని ఇంకో స్క్రీను. బ్యాక్‌ఫ్లష్ అప్పటికప్పుడు చెయ్యాలా, అప్‌డేట్ ప్రోగ్రాంలో చెయ్యాలా, తర్వాత ఎప్పుడో బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌లో చెయ్యాలా అని అందులో ఎంచుకోవాలి. తర్వాత అని పెడితే సూపర్‌వైజరుకి ఎర్ర మెసేజీ కనబడే ప్రసక్తే లేదు. అతను పచ్చ మెసేజీ చూసి ఇంటికెళ్ళిపోతాడు. సీఓ1పీ జాబు తర్వాతెప్పుడో నడిచి, తప్పులుంటే తిన్నగా కోగిలో పారేస్తుంది.

ఈ తర్వాత అనే ఎంపిక ఊరికే పెట్టలేదు లెండి. షిఫ్టు మారే టైములో పదిహేను మంది ఒకేసారి బుక్ చేస్తారు. అందరి మిషన్లలోనూ అదే దానా. ఒకడి బ్యాక్‌ఫ్లష్ నడుస్తుండగా ఆ మెటీరియల్ లాక్ అవుతుంది, మిగతా పద్నాలుగు మందికీ ఫలానా యూజర్ లాక్ చేశాడు అని వస్తుంది. ఆ ఫలానా యూజరు పేరు చూసి వాళ్ళు వెళ్ళి అతన్ని తిట్టడం నేను కళ్ళారా చూశాను. పాపం అతనేం చేశాడు, బుక్ చేశాడు అంతే. దీనికి ఓఎమ్‌జేఐలో లేట్ బ్లాక్ అని, కొన్ని సెకన్లు ఆగి మళ్ళీ ప్రయత్నించే మందు ఉంది. చాలామంది ఆ మందు వాడరు, ఏకంగా బ్యాక్‌గ్రౌండ్‌కి మార్చేస్తారు.

అమీర్‌పేట కోర్సుల్లో ఇవన్నీ చెప్తారు. ఎస్‌పీఆర్ఓలో ఏ దారిన వెళ్ళాలి, ఏ గడిలో టిక్కు పెట్టాలి, సేవ్, ట్రాన్స్‌పోర్ట్ రిక్వెస్టు, నెక్స్ట్. జిరాక్సు మెటీరియల్‌లో స్క్రీన్‌షాట్ మీద ఎర్ర బాణం గుర్తు కూడా వేసి ఇస్తారు. నేనూ ఆ బాణాల నుంచి వచ్చినవాడినే, వాళ్ళని తక్కువ చెయ్యను. ఎంతోమందికి అన్నం పెట్టిన బాణాలవి. కానీ ఆ టిక్కు తీసేస్తే రాత్రి రెండింటికి ఎవరు లేవాలి, నెలాఖరున ఎవరు సంజాయిషీ రాయాలి అన్నది ఆ మెటీరియల్‌లో ఉండదు. ఉండదు సరే, లక్షలకి లక్షలు తీసుకుని చేసే బ్లూప్రింటు డాక్యుమెంట్లలో కూడా నేను చూడలేదు. అక్కడ ఇలా ఉంటుంది: "టెర్మినేషన్ ఇన్ కేస్ ఆఫ్ ఎర్రర్: నో. రీజన్: బెస్ట్ ప్రాక్టీస్."

ఎవరి బెస్టు, ఎవరి ప్రాక్టీసు?

2015 లో పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీకి సపోర్టు పని మీద వెళ్ళాను. పేరు అనవసరం. స్విచ్ ప్లేట్లు, మీటరు బాక్సులు, అలాంటి ఎలక్ట్రికల్ సరుకు పోస్తారు. వేరే సంస్థ ఇంప్లిమెంట్ చేసి గో-లైవ్ చేయించి వెళ్ళిపోయింది, నాలుగు నెలల తర్వాత మేము దిగాం. మొదట్లో ఆ టిక్కు ఉందిట. మొదటి పదిరోజులూ రాత్రి షిఫ్టులో ఎర్ర మెసేజీల వాన. షిఫ్టు సూపర్‌వైజరు ఒకాయన, సంగారెడ్డి దగ్గరి మనిషి, నాకు తర్వాత చెప్పాడు: "ముక్కలు మా కండ్ల ముంగట కుప్ప పడ్డయి సార్. కంప్యూటరేమో దానా లేదంటది. దానా లేకుంటె ముక్కలు యాడికెల్లి ఒచ్చినయి? గీ ఎర్రది జూసుకుంట కూసుంటె మిషను ఎవడు జూడాలె?"

న్యాయమైన ప్రశ్నే కదా. ప్రొడక్షన్ మేనేజరు మీటింగులో ఇదే అడిగాడు. ఇంప్లిమెంటేషన్ టీమువాళ్ళు ఐదు నిమిషాల్లో టిక్కు తీసేసి ట్రాన్స్‌పోర్ట్ పంపేశారు. ఎర్ర మెసేజీలు మాయం. మీటింగు మినిట్స్‌లో "ఇష్యూ క్లోజ్డ్" అని రాసుకున్నారు. ఆ మినిట్స్ నేను తర్వాత చదివాను.

కోగిని రోజూ చూడాల్సింది ఎవరని మాత్రం ఎక్కడా రాసి లేదు. స్టోర్సువాళ్ళు అది ప్రొడక్షన్ ట్రాన్సాక్షన్ అనుకున్నారు, ప్రొడక్షన్‌వాళ్ళు అది స్టాకు సంగతి కాబట్టి స్టోర్సుదనుకున్నారు. ఐటీవాళ్ళు అది యూజర్లదనుకున్నారు. ఎవరూ పనికిమాలినవాళ్ళు కాదు. తమది కాని పని చెయ్యలేదు, అంతే. నేను మొదటిసారి తెరిచినప్పుడు అందులో పద్నాలుగు వందల పైచిలుకు ఎంట్రీలున్నాయి. స్క్రోల్ చేస్తూ పోతుంటే మా ఊరి రేషన్ షాపు క్యూ గుర్తొచ్చింది.

ఆ వారంలోనే ఫిజికల్ కౌంటింగ్ జరిగింది. పాలీకార్బొనేట్ దానా పుస్తకంలో ఉన్నదానికంటే గోడౌన్లో 3,120 కిలోలు తక్కువ తేలింది. పాతిక కిలోల బస్తాల్లో చెప్పాలంటే నూట పాతిక బస్తాల దాకా. అప్పటి కొనుగోలు ధరలో ఆరు లక్షల పైమాట. కౌంటింగు రిపోర్టు వచ్చిన మూడోరోజు స్టోర్స్ ఇన్‌ఛార్జికి మెమో ఇచ్చారు, ఏడు రోజుల్లో సంజాయిషీ చెప్పమని.

ఆయన ఇంకో ఏడాదిన్నరలో రిటైరయ్యే పెద్దాయన. కంప్యూటరు రాకముందు బిన్ కార్డుల మీద పెన్సిల్‌తో స్టాకు నడిపిన మనిషి. మెమో కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాడు. క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా టీ తాగి, "ముప్పై ఏండ్ల సంది తాళాలు నా తాననే ఉన్నయి సారూ. ఒక్క సంచి గూడ పోలె. ఇప్పుడు నూరు సంచులు పోయినయంటున్నరు. నూరు సంచులు జేబుల వెట్టుకపోతనా?" అన్నాడు. నాకేం చెప్పాలో తెలియలేదు. పక్క టేబుల్ దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఆయన వైపు చూసి ఏదో గుసగుసలాడటం మాత్రం ఇద్దరం గమనించాం.

సపోర్టు కాంట్రాక్టులో ఇది నా పని కాదు. మా మేనేజరు అదే మాట చెప్పాడు, టికెట్ లేకుండా గంటలు ఎక్కడ బుక్ చేస్తావని. (మన బుకింగుల గోల ఇంకోటి.) కానీ కోగి ఎంట్రీలు నా కళ్ళ ముందే ఉన్నాయి. ఎక్సెల్‌లోకి దించి ఆ దానా ఒక్కటే ఫిల్టర్ చేసి కూడితే 2,740 కిలోలు వచ్చింది. వాడేసి, ప్లేట్లుగా మారి, లారీలెక్కి వెళ్ళిపోయిన దానా అది. పుస్తకంలో మాత్రం గోడౌన్లో చెక్కు చెదరకుండా కూర్చుని ఉంది.

ఎందుకలా అన్నది తెలుసుకోవడానికి ఒక రాత్రి షిఫ్టు అక్కడే ఉండిపోయాను. నా ఉద్యోగంలో నేను ఎక్కువ నేర్చుకున్న రాత్రుల్లో అదొకటి. పద్ధతి ప్రకారం మెయిన్ స్టోర్సు నుంచి షాప్‌ఫ్లోర్ లొకేషన్‌కి దానా పంపినప్పుడు సిస్టమ్‌లో ట్రాన్స్‌ఫర్ వెయ్యాలి. బ్యాక్‌ఫ్లష్ షాప్‌ఫ్లోర్ లొకేషన్ నుంచే తీసుకుంటుంది. పగలు అది సరిగ్గా జరుగుతుంది. రాత్రి స్టోర్సులో మనిషి లేడు, ఖర్చు తగ్గించడం కోసం ఆ పోస్టు తీసేశారు. రాత్రి హాపర్ ఖాళీ అయితే సెక్యూరిటీ దగ్గర డూప్లికేట్ తాళం తీసుకుని, రిజిస్టర్లో సంతకం పెట్టి, ట్రాలీ మీద బస్తాలు తెచ్చుకుంటారు. దొంగతనం ఏమీ లేదు, రిజిస్టర్లో సంతకాలన్నీ ఉన్నాయి. కానీ ఆ రిజిస్టరు సెక్యూరిటీది, దాన్ని చూసి సిస్టమ్‌లో ట్రాన్స్‌ఫర్ వెయ్యమని ఎవరికీ చెప్పలేదు. అందుకే షాప్‌ఫ్లోర్ లొకేషన్లో సున్నా, మెయిన్ స్టోర్సులో కొండంత.

అంటే గో-లైవ్ మొదటి పదిరోజుల్లో వచ్చిన ఆ ఎర్ర మెసేజీ అబద్ధం చెప్పలేదు. "ఇక్కడికి దానా ఎవరో తెచ్చారు, నాకు చెప్పలేదు" అని రాత్రంతా అరిచింది. దాని నోరు మూసేశారు.

మిగతా 380 కిలోల సంగతి తేలడానికి మరో రెండ్రోజులు పట్టింది. ఎనిమిది క్యావిటీల మౌల్డు ఒకటుంది. ఒక్కో ముక్క పాతిక గ్రాములు, బీఓఎమ్‌లో కూడా పాతికే. కానీ మౌల్డులో ప్లాస్టిక్ ముక్కల దాకా పారే కాలవ ఉంటుంది కదా, రన్నర్ అంటారు, అందులో గడ్డకట్టింది కూడా దానాయే. షాట్‌కి పదహారు గ్రాములు, అంటే ముక్కకి రెండు గ్రాములు. బీఓఎమ్‌లో ఆ రెండు గ్రాములు లేవు. మిగతా మౌల్డులన్నిటికీ వేశారు, దీనికి మర్చిపోయారు. ఆ మౌల్డు మీద అప్పటికి తీసిన ముక్కలు దాదాపు లక్షా తొంభై వేలు. లెక్క మీరే కట్టండి. ఆ రన్నర్ అంతా సంచుల్లో కట్టి షెడ్డు వెనక స్క్రాపు కుప్పలో ఉంది, తూకం వేస్తే కొంచెం అటూ ఇటూగా సరిపోయింది.

ఈ రెండు షీట్లూ, సెక్యూరిటీ రిజిస్టరు జిరాక్సులూ పట్టుకుని ప్లాంట్ హెడ్ దగ్గరకి వెళ్ళాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు. చివర్లో "అంటే ఇది సాఫ్ట్‌వేర్ తప్పా, మనుషుల తప్పా?" అన్నాడు. సాఫ్ట్‌వేర్ చెప్పమన్నదే చేసింది, మనుషులు చెప్పినదే చేశారు, ఏం చెప్పాలో నిర్ణయించిన మీటింగులో స్టోర్సు నుంచి ఎవరూ లేరు అన్నాను. మినిట్స్‌లో హాజరైనవాళ్ళ పేర్లు చూపించాను. ఆయనకది నచ్చినట్టు లేదు. అయినా ఎంట్రీలన్నీ క్లియర్ చేసే పని మాకు అధికారికంగా అప్పజెప్పాడు.

ఆ క్లియర్ చెయ్యడం ఒక పెద్ద తద్దినం. పాత నెలలు మూసేశారు కాబట్టి పాత తేదీలతో పోస్టు కావు. తేదీలు మార్చి ఈ నెలలో వెయ్యాలి. వేస్తే ఈ నెల ఖర్చు కొండెక్కుతుంది. మూడు నెలల పాటు ఆర్డర్ల మీద దానా ఖర్చు పడలేదు కాబట్టి ఆ నెలల లాభాలు బ్రహ్మాండంగా కనబడ్డాయి, ప్రొడక్షన్ విభాగానికి మెచ్చుకోలు మెయిల్ కూడా వచ్చిందిట. ఇప్పుడదంతా ఒకే నెలలో తిరగబడింది. కాస్టింగ్ చూసే అమ్మాయి హెడ్డాఫీసుకి వివరణ రాయడానికి రెండు ఆదివారాలు ఆఫీసుకొచ్చింది. అంటే రాత్రి షిఫ్టు సూపర్‌వైజరు నెత్తి మీంచి తీసిన బరువు స్టోర్సు పెద్దాయన జేబులోకీ, ఆవిడ ఆదివారాల్లోకీ చేరింది. బరువు తగ్గలేదు, పైగా మూడు నెలల వడ్డీతో చేరింది.

పెద్దాయన మెమో సంగతి అడుగుతారని తెలుసు. వెనక్కి తీసుకుంటున్నాం అని కాగితం ఇవ్వలేదు. "నో ఫర్దర్ యాక్షన్" అని ఫైలులో రాసి వదిలేశారు. ఆయనకి కావలసింది మెమో ఎంత గట్టి కాగితం మీద ఇచ్చారో అంత గట్టి కాగితం మీద, తప్పు నీది కాదు అన్న ఒక్క వాక్యం. రిటైరయ్యేదాకా అది రాలేదు. నేను హెచ్ఆర్‌కి రెండుసార్లు మెయిల్ పెట్టాను, "నోటెడ్" అని వచ్చింది.

ఇదంతా చదివి, అయితే టిక్కు పెట్టి ఉంచాల్సింది అని నేనంటున్నాననుకోకండి. అలా అనేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి టొయోటా కథ ఇష్టం. సాకిచి టొయోడా 1924 లో తెచ్చిన జి-టైపు మగ్గంలో పోగు తెగితే మగ్గం దానంతటదే ఆగిపోతుంది. తప్పు బట్ట నెయ్యడం కంటే ఆగడం నయం అన్నది అందులోని ఆలోచన. తర్వాత కార్ల ఫ్యాక్టరీలో అదే ఆలోచన, కార్మికుడు తాడు లాగితే లైను ఆగుతుంది. గొప్ప విషయమే. సెమినార్లలో ఈ కథ ఇక్కడితో ఆపేస్తారు. తాడు లాగగానే టీమ్ లీడరు పరిగెత్తుకుంటూ వస్తాడు, ఆ లైను ఆగకుండా సరిచెయ్యగలిగితే సరే, లేకపోతేనే ఆగుతుంది. తాడు అవతలి కొసన ఒక మనిషి ఉన్నాడు. పటాన్‌చెరులో రాత్రి రెండింటికి అవతలి కొసన ఎవరూ లేరు. అలాంటి చోట టిక్కు పెట్టి ఉంచితే జరిగేది కూడా నేను వేరే ఫ్యాక్టరీలో చూశాను. బుకింగ్ సేవ్ కాకపోతే సూపర్‌వైజర్లు నోట్‌బుక్‌లో రాసుకుని, వారానికోసారి అన్నీ కలిపి, సిస్టమ్ ఏ అంకె ఒప్పుకుంటే ఆ అంకె కొడతారు. అప్పుడు కోగి శుభ్రంగా ఉంటుంది, ఆడిటరు సంతోషిస్తాడు, స్టాకు మాత్రం ఊహాగానం.

ఓవర్ డెలివరీ టాలరెన్సు కూడా ఇలాంటిదే. ఆర్డరు పదివేలకైతే పదివేలకి మించి ఒప్పుకోకు అని బిగించేస్తారు. మౌల్డు వేడెక్కాక ఓ రెండొందలు ఎక్కువ వస్తాయి, వాటిని ఎవరూ పారెయ్యరు. మిషను పక్కన అట్టపెట్టెలో దాచుకుని, తక్కువ వచ్చిన రోజు కలుపుతారు. అంగుష్ఠమాత్రుడైన కన్సల్టెంటు పెట్టిన సున్నా శాతం వల్ల ఒక సమాంతర గోడౌన్ పుడుతుందన్నమాట.

చివరికి మేం అక్కడ ఏం చేశామంటే, ముందు రాత్రి షిఫ్టులో స్టోర్సుకి ఒక మనిషిని అడిగాం. ఇవ్వలేదు. సరే, సెక్యూరిటీ రిజిస్టరు బదులు, తాళం తీసుకునే చోటే బస్తా మీది బార్‌కోడ్ స్కాన్ చేస్తే ట్రాన్స్‌ఫర్ పడేలా ఒక చిన్న స్క్రీను రాశాం. ఇరవై రోజుల పని. డెఫిసిట్ ఎర్రర్లలో చాలావరకు దానితోనే పోయాయి. దానా ఆర్డర్లకి టిక్కు లేకుండానే ఉంచాం, కానీ కోగి రోజూ ఉదయం తొమ్మిదిన్నరకి స్టోర్సు, ప్లానింగ్ ఇద్దరూ కలిసి చూడాలని, పేర్లతో సహా రాయించాం. ఇరవైనాలుగు గంటలు దాటిన ఎంట్రీ ఉంటే ప్లాంట్ హెడ్‌కే మెయిల్ వెళ్ళేలా పెట్టాం. ఆయనకి మొదటి వారం రోజూ వెళ్ళింది, రెండో వారం నుంచి తగ్గింది :)

ఇత్తడి ఇన్సర్టులు పెట్టే ప్లేట్లకి మాత్రం టిక్కు ఉండాల్సిందే అని నేను పట్టుబట్టాను. ఇత్తడి ఖరీదైనది, చిన్నది, జేబులో పడుతుంది. పైగా ఆ పని పగటి షిఫ్టులోనే జరుగుతుంది, స్టోర్సు పక్కనే ఉంటుంది, పిలిస్తే మనిషి వస్తాడు. అయితే ఓపీకే4 లో టిక్కు మెటీరియల్‌ని బట్టి ఉండదు, ఆర్డర్ టైపుని బట్టి ఉంటుంది. అందుకని వాటికోసం వేరే ఆర్డర్ టైపే తయారుచేశాం. దానికి నంబర్ రేంజి, సెటిల్‌మెంట్ ప్రొఫైల్, అదీ ఇదీ అని మా సీఓ కన్సల్టెంటు నన్ను చాలా తిట్టాడు. ఒక టిక్కు కోసం ఆర్డర్ టైపా అన్నాడు. అవును, దానికోసమే. ఎవరు ఆగాలి, ఎవరు ఆగక్కర్లేదు అన్నదానికి తేడా ఉన్నప్పుడు అది సిస్టమ్‌లో కనబడాలి. "నెగటివ్ స్టాక్ ఒప్పుకునేలా చేసేద్దాం, ఒక్క ఎర్రరూ ఉండదు" అని ఒకాయన సలహా ఇచ్చాడు. దానికి వేల్యుయేషన్ ఏరియాలో, స్టోరేజ్ లొకేషన్‌లో, మెటీరియల్ మాస్టర్‌లో మూడుచోట్లా ఒప్పుకుంటే తప్ప కుదరకుండా శాప్‌వాళ్ళు ఎందుకు పెట్టారో ఆలోచించండి అని చెప్పి ఊరుకున్నాను.

ఇప్పుడీ పాత సంగతి ఎందుకంటే, చాలా కంపెనీలు ఈసీసీ నుంచి ఎస్/4 హానాకి మారే హడావిడిలో ఉన్నాయి. ఈసీసీ 6.0 చివరి ఎన్‌హాన్స్‌మెంట్ ప్యాకేజీలకి మెయిన్‌స్ట్రీమ్ మెయింటెనెన్సు 2027 చివరితో అయిపోతుంది. పాత సిస్టమ్‌ని ఉన్నదున్నట్టు మార్చుకునే పద్ధతిలో ఈ టిక్కులన్నీ యథాతథంగా కొత్త ఇంటికి వచ్చేస్తాయి. టెస్టింగ్‌లో అన్నీ పచ్చగానే ఉంటాయి, ఎందుకంటే టెస్ట్ సిస్టమ్‌లో స్టాకు మనమే దండిగా వేసుకుంటాం. పన్నెండేళ్ళ క్రితం ఏదో మీటింగులో, ఎవరి ఒత్తిడికో తీసేసిన టిక్కు ఇంకో పదిహేనేళ్ళు నడుస్తుంది, ఎందుకు తీశారో చెప్పగలిగే మనిషి ఆ కంపెనీలో ఉండడు. కోగి హానాలోనూ ఉంది, అదే పేరు, అదే క్యూ.

నేను ఇప్పుడు చేస్తున్నది అలాంటి ప్రాజెక్టే. ప్రాసెస్ వర్క్‌షాపు షీట్‌లో ప్రతి ఆర్డర్ టైపుకీ ఒక కాలమ్ అదనంగా పెట్టాను: రాత్రి రెండింటికి ఈ ఎర్రర్ వస్తే ఫోను ఎవరికి? డిపార్ట్‌మెంటు పేరు రాస్తే ఒప్పుకోవడం లేదు, మనిషి పేరూ నంబరూ కావాలి, ఆ మనిషి వర్క్‌షాపులో కూర్చుని తలూపాలి. మా డెలివరీ మేనేజరుకి ఈ కాలమ్ చూస్తే చిరాకు, టెంప్లేటులో లేదని. క్లయింటు ఐటీ హెడ్‌కి ఇంకా చిరాకు. మొత్తం పదకొండు ఆర్డర్ టైపులు. నిన్నటికి ఏడింటికి పేర్లు వచ్చాయి. మూడింటికి "స్టోర్స్" అని రాసి పంపారు, వెనక్కి పంపాను. ఒకటి ఖాళీగా ఉంది, రీవర్క్ ఆర్డర్లది. దానికోసం సోమవారం ఫ్యాక్టరీకి వెళ్ళాలి, రాత్రి షిఫ్టుకి.